కార్బ్యురేటర్ మార్చే ముందు అక్కడిదాకా పెట్రోల్ వస్తోందో లేదో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వాహనాల పేజీ వదలకుండా చదివేవాళ్ళలో నేనొకడిని. ఈమధ్య అందులో పాత కార్బ్యురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి ఇచ్చే భాగం) కారు ఉన్న ఒకాయన అడిగారు, బండి కాసేపు చక్కగా నడిచి హైవే ఎక్కాక జర్కులు ఇచ్చి ఆగిపోతోంది, పక్కన పెట్టి ఓ పది నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతోంది, ఏం చెయ్యమంటారు అని. దానికి మీ పేజీలో వచ్చిన జవాబు రెండే లైన్లు, కార్బ్యురేటర్ అరిగిపోయి ఉంటుంది కొత్తది వేయించండి అని. ఆ జవాబు చదివాక ఊరికే ఉండలేక రాస్తున్నా, ఎందుకంటే ఆయన చెప్పిన లక్షణాల్లో కార్బ్యురేటర్‌ని అనుమానించాల్సింది దాదాపు ఒక్కటి కూడా లేదు, పైగా ఈ సలహా పట్టుకుని ఎంతమంది మంచి కార్బ్యురేటర్లని పీకి పారేస్తారో అని బాధేసింది. పాత కార్లకి ఒరిజినల్ కార్బ్యురేటర్ ఒకసారి పోతే అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం, దాని బదులు వచ్చే నకిలీల్లో జెట్ల (పెట్రోల్ కొలతగా వదిలే సన్న రంధ్రాల) సైజులు కూడా సరిగ్గా ఉండవు, అప్పుడు లేని రోగం కొత్తగా మొదలవుతుంది.

అసలు కార్బ్యురేటర్ మీదకే అందరి చెయ్యీ ఎందుకు పోతుందంటే అది బానెట్ ఎత్తగానే పైన కనిపిస్తుంది, తిప్పడానికి స్క్రూలు ఉంటాయి. కానీ పెట్రోల్ దారిలో అది చివరి మజిలీ. ట్యాంకులో అడుగున మునిగి ఉండే సక్షన్ ట్యూబు, దాని మూతికి జల్లెడ, అక్కణ్ణించి బండి కింద పొడుగూతా ఇనప పైపు, మధ్యమధ్యలో రబ్బరు హోసులు, తర్వాత ఇంజన్ పక్కన క్యామ్‌షాఫ్ట్ తోసే మెకానికల్ పంపు, ఫిల్టర్, ఆ తర్వాత కార్బ్యురేటర్ మూతి దగ్గర నీడిల్ వాల్వు (లోపల పెట్రోల్ నిండగానే దారి మూసే సూది), ఫ్లోట్ ఛాంబర్ (ఆ సూదిని నెట్టే ఫ్లోట్ తేలుతూ ఉండే పెట్రోల్ కప్పు), అప్పుడు గానీ జెట్లు రావు. ఇంత దారిలో ఎక్కడ అడ్డం పడినా కార్బ్యురేటర్ దగ్గర కనిపించేది ఒకటే, బండికి పెట్రోల్ అందట్లేదు అని. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది కార్బ్యురేటర్ బాగుందా లేదా అని కాదు, బండి మొరాయించిన ఆ క్షణంలో కార్బ్యురేటర్‌లో పెట్రోల్ ఉందా లేదా అని. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలీకుండా స్పానర్ పట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

చాలామంది ఇక్కడే ఒక మాట అంటారు, ఐడ్లింగ్‌లో గంటసేపు నడుస్తోందండి, పెట్రోల్ రాకపోతే ఎలా నడుస్తుంది అని. దీనికి లెక్క వేసి చూపిస్తా. చిన్న ఇంజన్ ఉన్న కారు ఐడ్లింగ్‌లో గంటకి తాగేది లీటరు లోపే. అదే కారు 80 కిలోమీటర్ల స్పీడులో లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తోంది అనుకుంటే గంటకి 5 లీటర్ల పైనే కావాలి, ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 10 లీటర్లు కూడా దాటుతుంది. అంటే ఐడ్లింగ్‌కి చాలే సన్నటి ధార స్పీడులో ఏ మూలకీ రాదు. సగం మూసుకుపోయిన ఫిల్టర్, నీరసపడిపోయిన పంపు, చిరిగిన హోసు, ఇవన్నీ ఇంటి ముందు ఐడ్లింగ్‌లో పెట్టి చూస్తే పాసైపోతాయి. నిలబెట్టి చూసి బాగానే ఉంది అనే సర్టిఫికెట్‌కి విలువ లేదు, లోడ్ మీద నడిపి చూడాల్సిందే.

ఇంకో లెక్క కూడా చెప్తా. ఫ్లోట్ ఛాంబర్‌లో 60 మిల్లీలీటర్ల పెట్రోల్ ఉంది అనుకుందాం. గంటకి 5 లీటర్లు అంటే నిమిషానికి 83 మిల్లీలీటర్లు. అంటే వెనకనించి సరఫరా పూర్తిగా ఆగిపోయినా ఆ కప్పులో ఉన్నదాంతోనే బండి ముప్పావు నిమిషం దాకా మామూలుగా పరిగెడుతుంది, అప్పుడు గానీ తగ్గడం మొదలవదు. అందుకే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బాగానే లాగి పైకొచ్చాక సతాయించిందంటే తప్పు పైకొచ్చాక జరిగింది కాదు, కిందే మొదలైంది. బండి ఆగాక కాసేపట్లో మళ్ళీ స్టార్ట్ అయ్యి అర కిలోమీటరు పోయి మళ్ళీ ఆగడం కూడా ఇదే కథ, ఆగిన టైంలో కప్పు నిదానంగా నిండుతుంది, అది అయిపోగానే మళ్ళీ మొదటికి.

మరి ఆ క్షణంలో పెట్రోల్ ఉందో లేదో ఎలా చూడాలి అంటే దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. బండి ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్‌ని (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు తలుపు) ఒక్కసారి గట్టిగా తెరవండి, యాక్సిలరేటర్ పంపు (కార్బ్యురేటర్‌లోనే ఉండే చిన్న పంపు) నాజిల్లోంచి పెట్రోల్ సన్నగా, నిటారుగా చిమ్మాలి. చిమ్మింది అంటే కప్పులో పెట్రోల్ ఉంది, మీరు ఇగ్నిషన్ వైపు, అంటే స్పార్క్ ఇచ్చే కరెంటు వైపు తిరగాలి. చిమ్మలేదు, లేదా రెండు చుక్కలు పడి ఊరుకుంది అంటే కప్పు ఖాళీ, మీరు కార్బ్యురేటర్ నించి వెనక్కి ట్యాంకు వైపు నడవాలి. ఇందులో ఒక్క జాగ్రత్త, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగినా చిమ్మదు కాబట్టి బండి బాగున్న రోజు ఒకసారి ఇదే పని చేసి ఎలా చిమ్ముతుందో చూసి పెట్టుకోండి. ఇంకోటి, ఎస్‌యూ, స్ట్రామ్‌బర్గ్ లాంటి పిస్టన్ రకం కార్బ్యురేటర్లలో అసలు యాక్సిలరేటర్ పంపే ఉండదు, పైన ఆయిల్ డ్యాంపర్ ఉంటుంది, వాటిల్లో ఈ పరీక్ష పనికిరాదు, ఫ్లోట్ ఛాంబర్ మూత తీసి చూడాలి.

ఇగ్నిషన్ గురించి ఎందుకు అంటున్నానంటే పాత కార్లలో పెట్రోల్ జబ్బు అని తీసుకొచ్చేవాటిల్లో చాలా భాగం కరెంటు జబ్బులే. స్పార్క్‌కి కావాల్సిన కరెంటు ఇచ్చే కాయిల్ వేడెక్కి లోపల తెగినా, దానికి తోడుండే కండెన్సర్ పోతున్నా అచ్చం ఇలాగే చేస్తుంది, వేడికి ఆగుతుంది, చల్లారితే స్టార్ట్ అవుతుంది. తేడా మాత్రం శ్రద్ధగా గమనిస్తే తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగుతుంది, లేదా టపటపా మిస్సింగ్ కొడుతుంది. పెట్రోల్ అందనప్పుడు బండి మెల్లగా నీరసపడుతుంది, ముందుకీ వెనక్కీ ఊగుతుంది, యాక్సిలరేటర్ కాస్త వదిలితే తేరుకుంటుంది, తొక్కితే ఇంకా పడిపోతుంది, ఒక్కోసారి కార్బ్యురేటర్ లోంచి ఫట్ మని పైకి తన్నుతుంది. మాన్యువల్ చోక్ (చేత్తో లాగి గాలి తగ్గించేది) ఉన్న బండైతే సతాయిస్తున్నప్పుడు చోక్ సగం లాగి చూడండి, దానికి బండి కొంచెం సర్దుకుంది అంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైందని, ఇంకా దిగజారింది అంటే పెట్రోలే ఎక్కువవుతోందని. ప్లగ్గులు కూడా చెప్తాయి, తెల్లగా ఎండిపోయి ఉంటే పెట్రోల్ చాలట్లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. కాకపోతే ప్లగ్గు రంగు చూడాలంటే తప్పు జరుగుతున్నప్పుడే ఇంజన్ ఆపి అక్కడే విప్పాలి, ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చి విప్పితే అది వేరే కథ చెప్తుంది.

ఇప్పుడు మీ పాఠకుడు అడిగిన అసలు సంగతికి వస్తా, కాసేపు నడిచి ఆగడం, ఆగాక మళ్ళీ నడవడం. కాయిల్ పక్కన పెడితే దీనికి మూడు కారణాలు బాగా ఎక్కువగా కనిపిస్తాయి, మూడూ కార్బ్యురేటర్ బయటివే.

మొదటిది ట్యాంకు మూత. పెట్రోల్ బయటికి పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికోసం మూతలో గానీ పక్కన విడిగా గానీ సన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతేనో, ఎవరో అంతా బాగానే ఉందనుకుని రంధ్రం లేని వేరే మూత బిగిస్తేనో ట్యాంకులో వాక్యూమ్ పెరిగిపోయి పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. ఆగిన తర్వాత గాలి నిదానంగా ఎక్కడో ఒక చోట నించి దూరి సర్దుకుంటుంది, బండి స్టార్ట్ అవుతుంది. దీన్ని పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక, బండి ఆగగానే దిగి మూత తిప్పండి, సుయ్ మని గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి బండి వెంటనే స్టార్ట్ అయితే రోగం దొరికినట్టే. ఇది చూడ్డానికి పైసా ఖర్చు లేదు, అయినా అందరూ చివర్లో చూసేది దీన్నే, నాకు ఇదే అర్థం కాదు. మూత వదులు చేసి అలాగే నడిపేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, మలుపుల్లో పెట్రోల్ ఒలుకుతుంది, సరైన మూత వేసుకోండి.

రెండోది ట్యాంకులో చెత్త. ఏళ్ళ తరబడి నిలబడిన బండ్ల ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. పంపు లాగుతున్నంతసేపూ ఆ పొరలు సక్షన్ ట్యూబు మూతికి అతుక్కుంటాయి, ఇంజన్ ఆగగానే లాగుడు ఆగి అవి కిందకి రాలిపోతాయి, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ కొన్ని కిలోమీటర్లు. దీనికి గుర్తు ఏంటంటే మూత తీసినా తేడా ఉండదు, వేడితో కూడా సంబంధం ఉండదు, తెల్లవారుజామున చలిలోనూ ఆగుతుంది. చూడటానికి పంపు దగ్గర పైపు విప్పి, ట్యాంకు మూత తీసి పెట్టి, తక్కువ ప్రెషర్ గాలితో వెనక్కి ఊదితే ట్యాంకులో బుడబుడమని శబ్దం రావాలి. ఊదాక బండి చాలా బాగా నడిచి కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెడితే ఇక అనుమానం అక్కర్లేదు, ట్యాంకు దింపి కడగాల్సిందే. ఊదిన రోజు బాగైపోయింది కదా అని వదిలెయ్యడం మాత్రం కుదరదు. ఫిల్టర్ విప్పి తెల్లటి గుడ్డ మీద కొట్టి చూస్తే కూడా తెలుస్తుంది, ఎర్రటి పొడి రాలితే అది ట్యాంకు తుప్పే.

మూడోది వేపర్ లాక్, మనవాళ్ళు ఎయిర్ లాక్ అనేది దీన్నే. పెట్రోల్ అనేది ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రవం కాదు, అందులో తేలిక భాగాలు 35 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరవడం మొదలవుతుంది, బరువైనవి 200 డిగ్రీల దాకా పోతాయి. పైగా పంపు వెనక వైపు పైపులో ఉండేది లాగుడు కదా, ప్రెషర్ తగ్గితే ఇంకా తొందరగా మరుగుతుంది. పైపు ఎగ్జాస్ట్ పక్కనించి పోతున్నా, పంపు ఇంజన్ బ్లాక్‌కి అంటుకుని కాలిపోతున్నా లోపల ద్రవం బదులు ఆవిరి చేరుతుంది, డయాఫ్రమ్ పంపు ఆవిరిని నెట్టలేదు. ఎండలో, ట్రాఫిక్‌లో, ఎక్కువసేపు నడిచాక ఆపి మళ్ళీ బయల్దేరినప్పుడు మాత్రమే వస్తే ఇదే అని అనుమానించొచ్చు. పంపు మీద తడిగుడ్డ వేస్తే కొన్ని నిమిషాల్లో సర్దుకుంటే దాదాపు ఖాయం. కొంతమంది చల్లటి నీళ్ళు కుమ్మరిస్తారు, అది వద్దు, కాలిన ఇనుము పగలొచ్చు, డిస్ట్రిబ్యూటర్ తడిస్తే ఇంకో సమస్య. మందు ఏంటంటే పైపు దారి మార్చడం, పంపుకీ బ్లాక్‌కీ మధ్య కంపెనీ ఇచ్చిన మందపాటి ఇన్సులేటర్ ముక్క ఉందో లేదో చూడటం (పంపు మార్చినప్పుడు చాలామంది దాన్ని పారేస్తారు), ట్యాంకుకి తిరిగి వెళ్ళే రిటర్న్ పైపు ఉన్న బండైతే అది మూసుకుపోలేదని చూసుకోవడం.

దీనితో కలిపేసి గందరగోళపడేది ఇంకోటి ఉంది. వేడి ఇంజన్ ఆపేశాక ఫ్యాన్ ఆగుతుంది, గాలి ఆగుతుంది, కింద వేడంతా పైకి ఎక్కి కార్బ్యురేటర్ కప్పులో ఉన్న పెట్రోలే మరిగి ఇంజన్‌లోకి వెళ్ళే మానిఫోల్డ్ గొట్టంలోకి పొంగుతుంది. ఇది పెట్రోల్ లేకపోవడం కాదు, ఎక్కువవడం. కానీ బయటికి రెండూ ఒకటే, వేడిలో స్టార్ట్ అవ్వదు. తేడా తెలియాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, పంప్ చెయ్యకుండా, సెల్ఫ్ కొట్టండి, నల్ల పొగ కక్కుతూ స్టార్ట్ అయితే ఇది పొంగిన కేసు, వేపర్ లాక్ అయితే దానికి స్టార్ట్ అవ్వదు. రెండు జబ్బులకీ ఒకే మందు వేస్తే రెండూ తగ్గవు.

ఇక్కడ హోసుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో పాత కార్లని ఎక్కువగా ఏడిపిస్తోంది ఇవే. పంపుకి ముందు, అంటే ట్యాంకు వైపు ఉన్న హోసు చిట్లితే కింద చుక్క కూడా కారదు, ఎందుకంటే అక్కడ ఉన్నది తోపుడు కాదు లాగుడు, పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. అందుకే లీకేజీ ఎక్కడా లేదండి అనే మాట ఈ వైపు హోసులకి చెల్లదు. పారదర్శకంగా ఉన్న ఫిల్టర్ పంపుకి ముందు పెట్టి చూస్తే బుడగలు వరసగా పోతుంటాయి. ఇప్పుడు చాలా చోట్ల పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు, 10 శాతం, 20 శాతం. పాతకాలం రబ్బరు దీనికోసం చేసింది కాదు, లోపలి పొర ఉబ్బి మెత్తబడి చిన్న చిన్న నల్ల పలుకులుగా ఊడి వస్తుంది, బయటినించి చూస్తే మాత్రం హోసు కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ పలుకులు పోయి నీడిల్ వాల్వులోనో జెట్టులోనో ఇరుక్కుంటాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోతాదు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, సక్షన్ ట్యూబు ఉండేది కూడా అడుగునే. ఏళ్ళుగా ట్యాంకు గోడలకి పేరుకున్న జిగురుని కూడా ఇది కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది, అందుకే ఇథనాల్ పెట్రోల్‌కి మారిన కొత్తల్లో ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతాయి. హోసు మార్చేటప్పుడు దాని మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి, ఎస్ఏఈ జే30ఆర్9 (SAE J30R9, హోసుల ప్రమాణం పేరు) అని ఉన్నవి ఇథనాల్‌ని బాగా తట్టుకుంటాయి, ఏమీ రాయని నల్ల గొట్టం ఎంత గట్టిగా ఉన్నా వద్దు.

మిక్స్చర్ మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. మామూలు పెట్రోల్ ఒక పాలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్ళు చాలు. 10 శాతం కలిపితే అది సుమారు 14.1కి, 20 శాతం కలిపితే సుమారు 13.5కి దిగుతుంది. ఇంజెక్షన్ బండి (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మించేది) సెన్సర్ చూసుకుని తనే సర్దుకుంటుంది, కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు, పాత జెట్టుతో అంతే పెట్రోల్ ఇస్తుంది, దాంతో బండి కొంచెం నీరసంగా, వేడిగా నడుస్తుంది. పైప్‌లైనులో అంతా బాగున్నా పికప్ తగ్గింది అనిపిస్తే ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

పంపు సంగతి. దీన్ని చూసి చెప్పడం కాదు, కొలవాలి. కార్బ్యురేటర్ బండ్ల మెకానికల్ పంపు ప్రెషర్ చాలావరకు 3 నుంచి 5 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉందో అదే ప్రమాణం. ప్రెషర్ ఒక్కటే చాలదు, పరిమాణం కూడా చూడాలి, ఎందుకంటే సగం మూసుకున్న పైపులో కూడా ప్రెషర్ మెల్లగా ఎక్కి గేజీలో బాగానే కనిపిస్తుంది. కార్బ్యురేటర్ దగ్గర హోసు తీసి గుర్తులున్న ఇనప డబ్బాలోకి పెట్టి సెల్ఫ్ కొడితే ఇంజన్ సైజుని బట్టి అర నిమిషం నుంచి నిమిషం లోపల సుమారు అర లీటరు రావాలి అనేది చాలా మాన్యువల్స్‌లో కనిపించే లెక్క. నిమిషానికి అర లీటరు అంటే గంటకి 30 లీటర్లు, ఇందాక చెప్పిన అవసరానికి కొన్ని రెట్లు ఎక్కువ, అంత మిగులు ఉంటుంది కాబట్టే పంపు సగానికి పడిపోయినా మనకి వెంటనే తెలీదు.

ఈ పరీక్ష చేసేవాళ్ళు ముందు ఇది చదవాలి. పెట్రోల్ ఆవిరి సున్నాకి దిగువన 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది, గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పుని వెతుక్కుంటుంది. కాబట్టి ఇంజన్ చల్లగా ఉండాలి, ఆరుబయట చెయ్యాలి, కాయిల్‌కి వచ్చే వైరు తీసెయ్యాలి, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోవాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. నోటితో పీల్చి పైపులో పెట్రోల్ తెప్పించడం అస్సలు వద్దు, ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుటక పోయినా ఆస్పత్రి పాలవుతారు. సెల్ఫ్ కొడుతుండగా కార్బ్యురేటర్ గొంతులో సీసాతో పెట్రోల్ పొయ్యడం చాలా చోట్ల చూస్తుంటాం, ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు సీసా చేతిలోనే అంటుకోవడానికి. ఇది ఎంత చెప్పినా తక్కువే.

పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ కొన్ని పంపుల్లో కింద రంధ్రంలోంచి కారుతుంది, కొన్నిటిలో నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, లెవల్ పెరిగి పెట్రోల్ వాసన కొడితే ఇక ఆ బండి స్టార్ట్ చెయ్యకండి, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి, పంపు మార్చి ఆయిల్ మార్చాకే. మెకానికల్ పంపు పోయింది కదా అని ఇంజెక్షన్ బండి ఎలక్ట్రిక్ పంపు తెచ్చి బిగించేవాళ్ళని చూస్తే మాత్రం భయం వేస్తుంది, దాని ప్రెషర్ 40 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది, మన నీడిల్ వాల్వు ఆపగలిగేది దానిలో పదో వంతు, కార్బ్యురేటర్ పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ఎలక్ట్రిక్ పంపే పెట్టాలంటే కార్బ్యురేటర్‌కి సరిపడే తక్కువ ప్రెషర్‌ది వెయ్యండి, ఇంజన్ ఆగగానే, యాక్సిడెంట్ అవ్వగానే అది కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్చో, గుద్దుకోగానే కట్టయ్యే ఇనర్షియా స్విచ్చో పెట్టించండి.

ఇవన్నీ దాటి, కార్బ్యురేటర్ మూతిదాకా పెట్రోల్ నిండుగా వస్తోందని కొలిచి తేల్చుకున్నాక, అప్పుడు విప్పండి దాన్ని. అప్పుడు కూడా చూడాల్సింది మొదట నీడిల్ వాల్వు, ఫ్లోట్. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ కదిలిన శబ్దం వస్తే దానికి చిల్లు పడింది, మునిగిపోయి ఓవర్‌ఫ్లో చేస్తుంది. ఐడ్లింగ్‌లో మాత్రమే ఆగిపోయి రేజ్ చేస్తే బాగా నడిచే బండికి ఐడిల్ కటాఫ్ సోలినాయిడ్ (ఇగ్నిషన్ ఆపగానే ఐడ్లింగ్ పెట్రోల్‌ని ఆపే కరెంటు వాల్వు) ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేసి దాని వైరు తీసి పెట్టి చూడండి, టిక్ మని వినబడాలి, వినబడకపోతే సమస్య ఆ వైరులోనో సోలినాయిడ్‌లోనో ఉంది, వైరు ఊడిపోవడం వల్ల కార్బ్యురేటర్లు ఓవర్‌హాల్‌కి వెళ్ళిన సందర్భాలు తక్కువేం కాదు. జెట్లని తీగతో పొడవకండి. వెబర్, సోలెక్స్ లాంటి వాటిల్లో జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు అని అర్థం, తీగ గీసుకుని అది 1.26 అయిందంటే వ్యాసం 5 శాతమే పెరిగినా వైశాల్యం 10 శాతం పెరుగుతుంది, ఆ తర్వాత ఏ స్క్రూ తిప్పినా ఆ బండి మైలేజీ తిరిగి రాదు. క్లీనర్ స్ప్రే, గాలి, ఇవి చాలు. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ జెట్టుతో చిమ్మే కార్బ్యురేటర్ చేసినప్పటినించీ దీని పని తీరు పెద్దగా మారలేదు, ఫ్లోట్ ఒక లెవల్లో పెట్రోల్ నిలబెడుతుంది, సన్నబడిన గొంతులో గాలి స్పీడు పెరిగి ప్రెషర్ తగ్గుతుంది, ఆ తేడాకి జెట్టు లోంచి పెట్రోల్ లేస్తుంది. అరిగిపోవడానికి ఇందులో ఉన్నవి కూడా కొన్నే, థ్రాటిల్ షాఫ్ట్, నీడిల్, డయాఫ్రమ్, గ్యాస్కెట్లు, వీటిల్లో ఎక్కువభాగం రిపేర్ కిట్టుతో కొత్తవి వేసుకోవచ్చు.

కాబట్టి ఎడిటర్ గారూ, ఆ ప్రశ్న అడిగినాయనకి మీ పేజీలో ఇంకోసారి జవాబు వెయ్యండి. ఆయన ఈసారి బండి ఆగినప్పుడు మొదట ట్యాంకు మూత తిప్పి వినాలి, తర్వాత కార్బ్యురేటర్ గొంతులో పెట్రోల్ చిమ్ముతోందో లేదో చూడాలి, చిమ్మితే అప్పటికప్పుడే ప్లగ్గు దగ్గర స్పార్క్ ఉందో లేదో టెస్టర్ పెట్టి చూడాలి, అది కూడా కార్బ్యురేటర్ మూత మళ్ళీ పెట్టేసి, ఒలికిన పెట్రోల్ ఆరాకే. ఈ మూడూ ఏ వరసలో ఏమయ్యాయో, ఎండ ఎలా ఉందో, ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉందో ఒక కాగితం మీద రాసి మీకు పంపితే అప్పుడు చెప్పొచ్చు ఏ భాగం మార్చాలో, అంతవరకూ కొత్త కార్బ్యురేటర్ ఆర్డర్ పెట్టొద్దని దయచేసి ఆయనకి తెలియజేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు